ఎడం పక్క

టేపు కొస ముక్కు దగ్గర పట్టుకోమన్నాను తవిటినాయుణ్ణి,
రెండో కొస నా చేతిలో.
కుడి డబ్బాకి ఏడున్నర అడుగులు,
ఎడమదానికి ఏడడుగుల రెండంగుళాలు.
"నాలుగంగులాలకి ఏటైపోద్ది?" అన్నాడు.
మాట ఒకటే గాని రెండుసార్లు వస్తుంది నాయుడూ,
జోడెడ్లలో ఒకటి తొందరపడ్డట్టు.

నెల్లిమర్లలో రైలు గేటుకి ఇవతల రెండు గదుల ఇల్లు.
సున్నం గోడలు, నున్నటి గచ్చు.
చప్పట్లు కొడితే
ఆ చప్పట్లే తిరిగొచ్చి చెంప మీద కొట్టే గది.
జూట్ మిల్లువాళ్ళు లెక్క తేల్చి ఇచ్చిన డబ్బులో
కప్పుకి కొంత, గురువమ్మ పళ్ళకి కొంత,
మిగిలింది ఈ ఐదు డబ్బాలూ
ఒక గుమ్ము పెట్టే.

గుమ్ము పెట్టెకి చోటు వెతకడం వేరే విద్య.
పెట్టెని మనిషి కుర్చీలో కూర్చోబెట్టి
మనిషి గచ్చు మీద మోకాళ్ళతో పాకాలి,
ఏ మూల నిండుగా ఉందో
ఏ మూల బురదలా కూరుకుపోతోందో
చెవితో తడుముకుంటూ.
గుమ్మంలోంచి గురువమ్మ:
"ఏటి బాబూ, ఏటైనా పడిపోనాదా?"
పడిపోలేదమ్మా, మోత వెతుకుతున్నాను.
"మా ఇంట మోతకి కరువా!" అని
చేట పట్టుకుని లోపలికెళ్ళింది.
బీరువా పక్క మూల దొరికింది.
దొరగ్గానే వంటింట్లో గిన్నెల వరసంతా ఝల్లుమంది.
వెతికితే, మూడో చెంబు మూత.
దాని కింద ఒక గుడ్డపేలిక.

ఆపైన లెక్క.
వాన కాని వాన ఒకటి
ఒక్కో డబ్బాలోంచి వంతులవారీగా కురుస్తుంది.
ఎడమ. మధ్య. కుడి. కుడి వెనక. ఎడమ వెనక.
డెబ్బై ఐదు, డెబ్బై ఐదు, డెబ్బై ఐదు.
మీటరు ముల్లు తొణకలేదు.
నా పని అయిపోయిందనుకున్నాను.

"మద్దెలోన ఆగిపోతంది" అన్నాడు.
ఎక్కడ?
"కుడి కాడ ఒస్తంది, ఎనక్కెల్తంది, మరి రాదు.
మల్లీ ఎదురుగా ఒస్తంది."
వైర్లు చూశాను. ఎర్రది ఎరుపులో, నల్లది నలుపులో.
డబ్బా మీద చెయ్యి పెట్టాను, వణుకుతోంది.
నాకు వాన పడుతూనే ఉంది.

"ఆ పక్క ఆయనకి నేదు బాబూ,
మిల్లు కాడే ఉండిపోనాది."
ముప్పై ఒక్కేళ్ళు రెండు మగ్గాల మధ్య నిలబడ్డాడట.
కుడిదానికి ఎప్పుడో కొత్త బేరింగులు వేశారు.
ఎడమది పాతది.
ఇదేదీ ఆయన వినలేదు,
ఆవిడ ఎడమ నుంచి చెబుతోంది.

మీటరు జేబులో పెట్టేశాను.
ఎడమ రెండు డబ్బాలూ ఆరు పెంచాను.
ఆయన మొహం విప్పారింది, ఆవిడ చెవులు మూసుకుంది.
నాలుగు తగ్గించాను.
ఆవిడకి సుఖం, ఆయనకి సగం వాన.
ఎంతసేపో అలా. రిమోట్ చెమట పట్టింది.
ఇద్దరు మనుషులకి ఒక సమానం
ఏ కంపెనీవాడూ డబ్బాలో పెట్టి అమ్మలేదు.

ఆఖరికి మీటలొదిలి కుర్చీలు పట్టుకున్నాను.
ఆయనది రెండడుగులు ఎడమకి, కాస్త వారగా,
మంచి చెవి గదికి ఎదురయ్యేలా.
ఆవిడ పీట ఆయన కుడి పక్కన వెయ్యమందామనుకునేలోగా
అక్కడే వేసుకుని కూర్చుంది.
"నానెప్పుడూ ఈ పక్కే" అంది,
గోడకి మేకెక్కడుందో చెప్పినట్టు.

ఇక గోడలు. దళసరి పరదా ఉండాలన్నాను.
అటక మీంచి గోనెపట్టా దించాడు,
మడత విప్పితే మిల్లు నూనె కంపు, నార దుమ్ము.
వెనక గోడ నిండా తగిలించాం.
చప్పట్లు కొట్టాను.
తిరిగి రాలేదు.
"దాన్ని నేసినప్పుడే పోనాది,"
ఎడం చెవి తట్టుకుని నవ్వాడు,
"ఇప్పుడైనా పని సెయ్యనీ."

బండి తీశాక గుర్తొచ్చింది, టేపు మర్చిపోయాను.
వెనక్కొస్తే తలుపు ఓరగా ఉంది.
లోపల వాన వంతులవారీగా తిరుగుతోంది,
ఆయన వేలు దాని వెంట: మధ్య, కుడి, వెనక.
ఎడమ వంతు రాగానే
ఆవిడ ఆయన మోచెయ్యి తడుతోంది.

టేపు ఇంకా అక్కడే ఉంది.